జర్మనీలో మెకానికల్ మాస్టర్స్: కోర్సు పేరు చూసి ఎంచుకోవాలా, ఇంకేం చూడాలి?

తణుకు_మెకానికల్:

అందరికీ నమస్తే. నాది తణుకు. 2024లో బీటెక్ మెకానికల్ అయింది. సీజీపీఏ 7.1. థర్మో, ఎం3 (మూడో మ్యాథ్స్ పేపరు) రెండూ బ్యాక్‌లాగ్స్ ఉండేవి, ఫైనలియర్‌లోపే క్లియర్ చేశాను. అప్పట్నుంచి భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఏరేటర్లు రిపేరు చేసే వర్క్‌షాపులో పని చేస్తున్నాను. జీతం గురించి అడక్కండి. కానీ గేర్‌బాక్సు విప్పి బిగించడం మాత్రం బాగా వచ్చింది.

మాస్టర్స్‌కి జర్మనీ వెళ్దామని ఉంది. ఐఈఎల్‌టీఎస్ 6.5. విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఇరవై నిమిషాల్లో కోర్సు తేల్చేశారు. బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ, ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్, ఏడాదికి 12,000 యూరోల ఫీజు. "మాకు మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు" అన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి అడిగితే 7.1కి రాదని, వచ్చినా జర్మన్ రాకుండా చదివే కోర్సులు ఉండవని చెప్పారు. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలి. ఆయన ఏమీ అనట్లేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

నేనే కూర్చుని సైట్లు చూస్తే కంప్యుటేషనల్ మెకానిక్స్, మెకట్రానిక్స్, ఆటోమోటివ్, సిమ్యులేషన్ అని బోలెడు పేర్లు కనిపిస్తున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. లోపల ఏం చెప్తారో ఎలా తెలుసుకోవాలి? అక్కడ చదివిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

మెన్సా_బంగాళదుంప:

తమ్ముడూ, నేను అక్కనే. మాది అనకాపల్లి, నాదీ మెకానికలే. 2018లో ఇక్కడికి వచ్చాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. (మెన్సా అంటే ఇక్కడి యూనివర్సిటీ క్యాంటీను. రెండేళ్లు అక్కడి ఉడకేసిన బంగాళదుంపల మీదే బతికాను, అందుకే ఆ పేరు.)

నీ దగ్గర రూపాయి తీసుకోకుండా వాళ్లు ఆఫీసు అద్దె ఎలా కడుతున్నారో ఒక్కసారి ఆలోచించు. విద్యార్థిని చేర్పించినందుకు ప్రైవేటు కాలేజీల నుంచి కమీషన్ వస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా అలాంటివి ఇవ్వవు, కాబట్టి వాళ్ల బల్ల మీది బ్రోచర్లలో అవి ఉండవు. దీన్ని మోసం అనను, అది వాళ్ల వ్యాపారం. కానీ ఇంగ్లిష్‌లో కోర్సులు ఉండవనడం మాత్రం శుద్ధ అబద్ధం. డీఏఏడీ అని విదేశీ విద్యార్థుల కోసం ఇక్కడ ఒక సంస్థ ఉంది, దాని సైట్లో ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అని ఒక డేటాబేస్ ఉంది. అందులో మాస్టర్స్, ఇంగ్లిష్, మెకానికల్ అని పెట్టి వెతుకు. స్టుట్‌గార్ట్‌లో కంప్యుటేషనల్ మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ అండ్ స్ట్రక్చర్స్ ఉంది, డూయిస్‌బుర్గ్-ఎస్సెన్‌లో కంప్యుటేషనల్ మెకానిక్స్, జీగెన్‌లో మెకట్రానిక్స్ ఉన్నాయి. ఇవన్నీ ప్రభుత్వానివే.

చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి 100 నుంచి 350 యూరోల దాకా కాంట్రిబ్యూషన్ కట్టాలి, చాలా చోట్ల బస్సు, లోకల్ రైలు టికెట్టు కూడా అందులోనే వచ్చేస్తుంది. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో మాత్రం 2017 నుంచి మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ నుంచి ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చులకి ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) 11,904 యూరోలు చూపించడం ఎక్కడ చదివినా మామూలుగా తప్పదు. అది ఫీజు కాదు, నీ డబ్బే. నెలకి 992 చొప్పున నీకే ఇస్తారు.

ఇక 7.1. ఇక్కడ మార్కులు మనకి తలకిందులు. 1.0 అంటే టాపరు, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 అంటే ఫెయిలు. మన సీజీపీఏని అందులోకి మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడతారు. 10లోంచి నీ 7.1 తీసెయ్, 2.9. మూడుతో గుణిస్తే 8.7. దాన్ని (10 మైనస్ పాస్ అవడానికి కనీస పాయింట్లు)తో భాగించి 1 కలుపు. తిరకాసంతా ఆ కనీస పాయింట్ల దగ్గరే. అది 4 అయితే నీకు 2.45 వస్తుంది, 5 అయితే 2.74. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. అంటే అదే 7.1తో ఒకడు గీత ఇవతల ఉంటాడు, ఇంకొకడు అవతల. మెమో వెనక గ్రేడ్ల పట్టికలో నీది ఎంతో చూడు. నెట్‌లో దొరికే కొన్ని కాలిక్యులేటర్లు ఊరికే 4 వేసేస్తాయి, వాటిని నమ్మకు.

నువ్వు అడిగిన అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే అందులో దెబ్బ తిన్నదాన్ని నేను.

నేను కోర్సు ఎంచుకున్నది పేరు చూసి. అందులో వెహికల్ అన్న మాట ఉంది. ఇంగ్లిష్ మీడియం అని రాసుంది. నాకు అంతే చాలనిపించింది. యూనివర్సిటీ పేరు చెప్పను, తప్పు నాది కాబట్టి. సెకండ్ సెమిస్టర్‌లో ఎలక్టివ్స్ పోర్టల్ తెరిస్తే 34 సబ్జెక్టులు ఉన్నాయి, అందులో ఇంగ్లిష్‌లో చెప్పేవి 11. నేను దేనికోసం వచ్చానో ఆ వెహికల్ డైనమిక్స్ ఆ పదకొండులో లేదు. జర్మన్‌లోనే చెప్తారు, అదీ సమ్మర్ సెమిస్టర్‌లో మాత్రమే. సరే కిందా మీదా పడి వింటానని వచ్చే సమ్మర్ దాకా ఆగాను. ఈలోపు ఆ ప్రొఫెసర్ రిటైరైపోయారు, సబ్జెక్టు లిస్టులోంచే ఎగిరిపోయింది. చివరికి కాంపోజిట్స్ తీసుకున్నాను. ఇవాళ దాంతోనే అన్నం తింటున్నాననుకో, అది వేరే కథ.

ఇదంతా నేను విశాఖలో విమానం ఎక్కకముందే ఒక పీడీఎఫ్‌లో ఉంది. మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అంటారు. ప్రతి కోర్సుకీ ఉంటుంది, డిపార్ట్‌మెంట్ సైట్లో పడి ఉంటుంది. వంద పేజీలు దాటుతుంది కాబట్టి ఎవరూ తెరవరు. మన సిలబస్ కాపీలాగా యూనిట్ వన్, యూనిట్ టూ అని ఉండదు. ఒక్కో సబ్జెక్టుకి ఒకటో రెండో పేజీల పట్టిక. అందులో ఈ గడులు చూడు. క్రెడిట్లు 6 అని ఉంటుంది. దాని పక్కనే మొత్తం 180 గంటలు, క్లాసులో 56, సొంతంగా చదువుకునేది 124 అని. ఆ 124 చూసి నవ్వుకున్నాను అప్పట్లో. నిజంగానే అంత పడుతుంది. తర్వాత భాష అన్న గడి. డాయిచ్ అని ఉంటే జర్మన్‌లో చెప్తారన్నమాట. తర్వాత ఎప్పుడు చెప్తారు అన్నది, వింటర్‌లోనా, సమ్మర్‌లోనా, ప్రతి సెమిస్టర్‌లోనా. తర్వాత పరీక్ష రాతదా, నోటిదా. కోర్సు పేరు పక్కన పడేసి ముందు ఎలక్టివ్స్ పేజీలన్నీ తిప్పు. ఇంగ్లిష్‌లో ఉన్నవి, నీకు ఇష్టమైనవి ఎన్నో ఒక కాయితం మీద లెక్కేసుకో. నాలుగు కూడా రాకపోతే ఆ కోర్సు వదిలెయ్.

రెండోది, అడ్మిషన్ రూల్స్. చాలా కోర్సుల్లో సీజీపీఏ కన్నా ముందు నీ బీటెక్ సబ్జెక్టులు సరిపోయాయా లేదా చూస్తారు. మ్యాథ్స్‌లో ఇన్ని క్రెడిట్లు, మెకానిక్స్‌లో ఇన్ని అని రాసుంటుంది. మన బీటెక్ 160 క్రెడిట్లు, నాలుగేళ్లకి ఇక్కడి లెక్కలో 240. అంటే మన ఒక్క క్రెడిట్ సుమారుగా ఇక్కడి ఒకటిన్నర. మనకి మ్యాథ్స్ మూడు పేపర్లు, తలా 3 క్రెడిట్లు అనుకుంటే 9, ఇక్కడి లెక్కలో 13.5. వాళ్లు 20 అడిగితే నీకు 9.2 సీజీపీఏ ఉన్నా తిప్పి పంపుతారు. నన్ను ఒక చోట అలాగే తిప్పి పంపారు.

మూడోది ఎవరూ చెప్పరు. ఒక్కో పరీక్షకి సాధారణంగా మూడు ఛాన్సులే. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారి కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు. దేశంలో ఇంకెక్కడా అదే కోర్సులో చేరడానికి ఉండదు. మన సప్లీల్లాగా ఏళ్ల తరబడి రాసుకుంటూ పోవడం కుదరదు. నీకు రెండు బ్యాక్‌లాగ్స్ ఉండేవన్నావు కాబట్టి చెప్తున్నాను.

నా మొదటి నోటి పరీక్ష చెప్తాను. ప్రొఫెసర్, పక్కన రాసుకునే ఇంకొకాయన, అరగంట. నేను పాత ప్రశ్నలన్నీ సంపాదించి జవాబులు బట్టీ పట్టి వెళ్లాను. ఆయన వాటిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తెల్లకాయితం, పెన్సిలు నా వైపు జరిపి, స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ గీయమన్నారు. ఇంతేనా అనుకుని గీశాను. తర్వాత ఈల్డ్ పాయింట్ (లోహం మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలయ్యే చోటు) మీద వేలు పెట్టి "ఇక్కడ లోపల ఏం జరుగుతోంది?" అన్నారు. నేను డెఫినిషన్ అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మళ్లీ అక్కడే వేలు పెట్టి, మళ్లీ అదే ప్రశ్న. నాలుగుసార్లు. 3.7 వచ్చింది. ఫోన్లో నాన్న "ఎంతకమ్మా, నాలుక్కా? అయితే బానే వచ్చిందిగా" అన్నారు. నేను కాదనలేదు.

ఖమ్మం_నాన్న:

బాబూ, నేను చదివినోణ్ణి కాదు, మా అమ్మాయి చదివింది. ఆ మేడమ్ చెప్పిన కమీషన్ మాట నిజం. మాకు కూడా ఇట్లనే ఒక ప్రైవేటు కాలేజీ చూపించిన్రు. ఊరు, పేరు వద్దు. అడ్మిషన్ లెటర్ నాలుగు రోజుల్లో వచ్చింది. అంత జల్దీ వచ్చిందంటే మేం సంబురపడ్డం, అనుమానపడాల్సింది. ఎకరం అమ్మి మొదటి ఏడు ఫీజు కట్టినం. క్యాంపస్ అంటే ఒక బిల్డింగులో రెండు అంతస్తులు. మెషిన్ లేదు, ల్యాబ్ లేదు, అంతా పవర్‌పాయింట్ అని మా అమ్మాయి ఏడ్చింది. రెండో ఏడు లోన్ తీసుకున్నం. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, అప్పు తీరుస్తోంది, ఆమె కష్టం ఆమెది.

ప్రైవేటువన్నీ చెడ్డవని అననుగానీ, 24,000 యూరోలు పెట్టేటప్పుడు ల్యాబ్ ఫొటో చూపించమని అడుగు. మీ నాన్న ఏమీ అనట్లేదన్నవు కదా. ఆయన లోపల లెక్క ఏసుకుంటుంటడు. కాయితం మీద ఖర్చు మొత్తం రాసి నువ్వే చూపించు, ఆయన అడిగేదాకా ఆగకు.

హోఖ్‌షూలె_పార్టీ:

పైన అక్క చెప్పినవన్నీ కరెక్టే, ఒక్కటి తప్ప. ఇచ్చిన పేర్లన్నీ పెద్ద యూనివర్సిటీలవే. 2.74 ఉన్నవాడు, చేత్తో పని చేయడం ఇష్టం ఉన్నవాడు హోఖ్‌షూలెలు ముందు చూడాలి. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు అంటారు. అవీ ప్రభుత్వానివే, డిగ్రీ విలువ అదే మాస్టర్. లెక్కల థియరీ తక్కువ, ప్రాజెక్టులు, ల్యాబ్ ఎక్కువ, ప్రొఫెసర్లు చాలామంది కంపెనీల్లో ఏళ్ల తరబడి పని చేసి వచ్చినవాళ్లు. రైన్-వాల్ అని క్లేవేలో ఒకటి ఉంది, మెకానికల్ మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే. ఏరేటర్ గేర్‌బాక్సు విప్పినవాడిని తీసుకెళ్లి కంప్యుటేషనల్ మెకానిక్స్‌లో టెన్సర్ల లెక్కల మధ్య పడేస్తే ఏమవుతాడు?

ఇంకోటి. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా జర్మన్ నేర్చుకోకపోతే పార్ట్‌టైమ్ అంటే గోడౌన్‌లో డబ్బాలు మోయడమే. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. అవన్నీ డబ్బాలకే పోతే రెండేళ్లయ్యాక రెజ్యూమేలో రాయడానికి ఏముంటుంది? మెకానికల్ వాళ్లకి ఇది ఐటీ వాళ్లకన్నా గట్టిగా తగులుతుంది. షాప్‌ఫ్లోర్‌లో ఎవరూ మనకోసం ఇంగ్లిష్ మాట్లాడరు.

మెన్సా_బంగాళదుంప:

ఒప్పుకుంటున్నా. నేను పెద్ద యూనివర్సిటీలో చదివాను కాబట్టి అవే నోటికొచ్చాయి. టెన్సర్ల మాట కూడా నిజమే, నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

నల్గొండ_బీఎస్సీ:

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది మూడేళ్ల బీఎస్సీ కంప్యూటర్స్. ఈ 240 లెక్క మాకు వర్తించదు కదా? అసలు మమ్మల్ని తీసుకుంటారా?

హోఖ్‌షూలె_పార్టీ:

మీకు 180గా లెక్కేస్తారు. మాస్టర్స్‌లో రెండు రకాలు ఉంటాయి. నాలుగు సెమిస్టర్లది 120 క్రెడిట్లు, మూడు సెమిస్టర్లది 90. తొంభైది ఏడాదిన్నరలో అయిపోతుందని అందరూ ఎగబడతారు, కానీ దానికి డిగ్రీలో 210 ఉండాలి. మీరు 120ది మాత్రమే వెతుక్కోండి. బీటెక్ వాళ్లకి రెండూ కుదురుతాయి. హోఖ్‌షూలెల్లో ఈ తొంభైవి ఎక్కువ, రూల్స్ పేజీ చూడకుండా ఫీజు కట్టకండి.

తణుకు_మెకానికల్:

అక్కా, మూడు రోజులు వర్క్‌షాపు నుంచి వచ్చి ఇదే పని. మెమో వెనక చూశాను. పాస్ గ్రేడుకి 5 పాయింట్లే. అంటే నాది 2.74. కొంచెం డల్ అయ్యాను కానీ ముందే తెలిసింది. 2.5 అడిగినవి కొట్టేస్తే పదిహేడులో తొమ్మిది మిగిలాయి.

ఆ తొమ్మిదిటికి హ్యాండ్‌బుక్స్ దింపాను. రెండు పూర్తిగా జర్మన్‌లో ఉన్నాయి, ట్రాన్స్‌లేట్ పెట్టుకుని చదివాను. ఒకదాంట్లో 22 ఎలక్టివ్స్‌లో ఇంగ్లిష్‌వి మూడే, మీరన్నట్టు తీసేశాను. క్లేవే కోర్సు నచ్చింది. జీగెన్ మెకట్రానిక్స్ కూడా, కానీ నాకు ఎలక్ట్రానిక్స్ ఒక్క పేపరే ఉంది.

క్రెడిట్ల లెక్క ఇలా వేశాను. మ్యాథ్స్: ఎం1, ఎం2, ఎం3 కలిపి 9, అంటే 13.5. మెకానిక్స్: ఇంజనీరింగ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, కైనమాటిక్స్, డైనమిక్స్ ఆఫ్ మెషినరీ, ఎఫ్ఈఎం (ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్), ఇంజనీరింగ్ డ్రాయింగ్, తలా 3 చొప్పున 18, అంటే 27. ఆపరేషన్స్ రీసెర్చ్‌ని మ్యాథ్స్‌లో కలపొచ్చా? అది కలిపితే 18 అవుతుంది.

నాన్నకి ఖర్చు రాసి చూపించాను. బ్లాక్డ్ అకౌంట్, ఏపీఎస్, వీసా, టికెట్టు అన్నీ. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఏపీఎస్ పక్కన 18,000 అని ఉంటే "ఇది దేనికి?" అని అడిగారు. మిగతావి ఏవీ అడగలేదు.

మెన్సా_బంగాళదుంప:

ఏపీఎస్ అంటే మన సర్టిఫికెట్లు అసలైనవో కావో చూసి ఇచ్చే కాయితమని చెప్పు. 2022 నవంబర్ నుంచి మన స్టూడెంట్ వీసాకి తప్పనిసరి చేశారు. అడ్మిషన్ వచ్చాక చూద్దామనుకోకు, కొన్ని యూనివర్సిటీలు అప్లికేషన్‌తోనే అడుగుతున్నాయి. దానికి ఇప్పుడే పెట్టేసెయ్. యూని-అసిస్ట్ (చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకుని చూసే సంస్థ) ద్వారా వెళ్లేవాటికి మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతవి ఒక్కోటి 30. తొమ్మిదిటికీ పెట్టకు, ఐదు చాలు. చివరి తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కొన్ని మార్చిలోనే మూసేస్తారు, కొన్ని మే 31, కొన్ని జూలై 15. ఆ ఐదింటివీ క్యాలెండర్ మీద రాసి వంటింట్లో తగిలించు.

జీగెన్ వదిలెయ్, ఒక్క పేపరుతో కష్టం.

ఆపరేషన్స్ రీసెర్చ్‌ని నువ్వు మ్యాథ్స్‌లో వేసినంత మాత్రాన వాళ్లు వెయ్యరు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు మేనేజ్‌మెంట్‌లో పడేస్తారు. ఆ కోర్సు పేజీలో స్టడీ అడ్వైజర్ మెయిల్ ఉంటుంది. సిలబస్ కాపీ జత చేసి, నాలుగు లైన్లలో అడుగు. డియర్ రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి మన ఊరి చరిత్ర రాయకు. ఎం3 సిలబస్ కూడా పంపు, అందులో న్యూమరికల్ మెథడ్స్ ఉంటే అది పనికొస్తుంది.

మెకానిక్స్‌లోంచి డ్రాయింగ్ తీసెయ్. అది డిజైన్ కిందకి పోతుంది. 15 ఇంటూ ఒకటిన్నర, 22.5 అని వేసుకో. ఎఫ్ఈఎం ఉంచు, కానీ సిలబస్‌లో ల్యాబ్ విడిగా ఉందేమో చూసుకో, దాని క్రెడిట్లు కూడా కలుస్తాయి. ఆ లెక్క సరిచేసి మళ్లీ ఇక్కడ పెట్టు, ఆదివారం చూస్తాను.